పై సీసా, కింది సీసా

నా ఉద్యోగంలో నేను మనుషుల్ని ఎక్కువసార్లు అడిగిన మాట ఏమిటంటే, "ఎట్లున్నారు" కాదు, "మందు వేసుకున్నారా" కూడా కాదు. "ఒంటికి పోయినారా?" అన్నదే, అంటే మూత్రానికి వెళ్ళారా అని. పెళ్ళికొడుకుల్ని అడిగాను, ప్రెసిడెంట్లను అడిగాను, మా ఆసుపత్రిని తనిఖీ చేయడానికొచ్చి ఎండకు కళ్ళు తిరిగి పడిపోయిన పెద్దాఫీసర్ని కూడా అడిగాను. అడగడానికి నాకెప్పుడూ సిగ్గు లేదు. జవాబు చెప్పడానికే వాళ్ళకు ప్రాణం పోయేది. ఆ సిగ్గు వల్ల నిజంగానే ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిన రోజు సంగతి ఇది.

నర్సింగ్ చదివే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. మొన్నొక అమ్మాయి 'సమస్థితి' అనే మాటకు నిర్వచనం గడగడా అప్పజెప్పింది. బయట ఎండైనా వానైనా, తిన్నా తినకపోయినా, ఒంటి లోపల వేడి, నీరు, ఉప్పు, చక్కెర అన్నీ ఒక తీరున ఉండేట్టు అవయవాలు చూసుకోవడమట. బాగానే చెప్పింది. "మరి మనిషికి మూత్రం రాలేదంటే దాని అర్థమేందే?" అని అడిగాను. "కిడ్నీ జబ్బు మేడమ్" అంది ఠక్కున. ఆ తొందరపాటు చూసి నాకు నవ్వొచ్చింది. నేనూ ఆ వయసులో అదే చెప్పేదాన్ని. ఆ పిల్లల పుస్తకంలో అరపేజీ కూడా లేని ఈ సంగతి నాకు ఒక కొత్త అల్లుడు నేర్పించాడు.

మమ్మల్ని కర్నూలు జిల్లాలోంచి తీసి ఒంగోలు కేంద్రంగా వచ్చిన కొత్త జిల్లాలో కలిపిన కొత్తలవి. గిద్దలూరికీ మార్కాపురానికీ మధ్య, మీటర్ గేజీ ప్యాసింజర్ ఆగే ఒక చిన్న ఊళ్ళో సర్కారు ఆసుపత్రిలో నా మొదటి పోస్టింగ్. ఊరి పేరు అడక్కండి, ఈ కథలోవాళ్ళ మనవళ్ళు అక్కడే తిరుగుతున్నారు, నాకు ఇంకా ఆ వైపు పెళ్ళిళ్ళకు పిలుపులు వస్తుంటాయి. మాది మార్కాపురం, మా నాయన పలకల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. కూతురు తెల్లకోటు వేసుకుని సర్కారు జీతం తింటోందని ఆయనకు మహా గర్వం. ఆ తెల్లకోటుతో నేను రోజంతా చేసే పనేమిటో మాత్రం ఆయనకు ఎప్పుడూ వివరంగా చెప్పలేదు.

ఆసుపత్రిలో మేం నలుగురం. డాక్టరుగారు డెల్టా వైపు నుంచి వచ్చిన కుర్రాడు. ఆయనకు కోపం వస్తే తిట్టేవాడు కాదు, పాఠం చెప్పేవాడు. ఎంత కోపమొస్తే అంత పెద్ద పాఠం. కాంపౌండర్ గారు పెద్దాయన, రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాడు. ఆయన లోకమంతా రెండే రెండు వస్తువుల్లో ఉండేది. ఒకటి సెలైన్ ఎక్కించే రబ్బరు గొట్టాలు. అప్పట్లో ఇప్పటిలా వాడి పారేయడం లేదు, మరిగించి మళ్ళీ వాడేవాళ్ళం. ఆయన వాటిని కడిగి, ఉడికించి, ఆరబెట్టి, ఆడపిల్ల జడలు వేసినంత ఓపికగా చుట్టిపెట్టేవాడు. రెండోది కాగితం. జిల్లా మారినప్పటినుంచి ఏ కాగితం కర్నూలుకు రాయాలో, ఏది ఒంగోలుకు రాయాలో తేలక పాపం ఆయనకు నిద్ర పట్టేది కాదు. ఇక నాలుగో మనిషి ఆయమ్మ. మంచిది, కష్టజీవి. కానీ ఆమె చెవిన పడ్డ మాట మనం ఇల్లు చేరేలోపు ఊరు దాటేది. ఇది గుర్తుపెట్టుకోండి, కథకు ఇది అవసరం.

ఆషాఢమాసం. తొలి వానలకు వంకల్లో ఎర్రనీళ్ళు వచ్చిన రోజులు. పొద్దున్నే ఎద్దులబండి ఒకటి ఆసుపత్రి ముందు ఆగింది. బండిలో ఇరవై దాటిన పిల్లవాడు, కళ్ళు లోపలికి పోయి, పెదాలు ఎండిపోయి, పిలిస్తే పలికీ పలకనట్టు ఉన్నాడు. రాత్రంతా వాంతులు, భేదులు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. నాడి కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. పక్కన ఏడుస్తూ ఒక చిన్నమ్మాయి, బండి వెనక నడుస్తూ ఒక పెద్దమ్మ.

"ఏమైతాడు నీకు?" అని పిల్లను అడిగితే తల దించుకుంది. పెద్దమ్మే చెప్పింది.

"మా అల్లుడమ్మా. అర్ధవీడు కాడ వాళ్ళది. కొత్త అల్లుడు."

"ఆషాఢంలో కొత్త అల్లుడు మీ ఇంట్లో ఏం చేస్తున్నాడు?" అంది ఆయమ్మ వెంటనే. రోగం కంటే ముందు ఆమెకు అదే కనబడింది. కొత్తగా పెళ్ళైన ఆడపిల్ల ఆషాఢంలో పుట్టింటికి వస్తుంది, ఆ నెలంతా అత్తా అల్లుడూ ఒక గడప దాటకూడదు. ఇది మీకూ తెలిసిందే.

"మా ఇంటికి రాలేదు తల్లీ!" అంది పెద్దమ్మ గట్టిగా. "గొర్రె తప్పిపోయిందంట. ఎతుక్కుంటా ఇట్ల వచ్చినాడు."

అర్ధవీడులో తప్పిపోయిన గొర్రె సరిగ్గా అత్తగారి ఊరి వంకలోకే వచ్చిందన్నమాట. ఆ గొర్రె ఎక్కడుందో ఆ పిల్ల ముఖం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఇద్దరూ రెండు రోజులుగా వంక పక్కన తుమ్మచెట్ల కింద కలుసుకుంటున్నారని, ఆమె కొంగున కట్టి తెచ్చిన రొట్టెలు తిని ఆ వంకనీళ్ళే తాగాడని తర్వాత తెలిసింది. మామగారేమో మందను తోలుకుని నల్లమల వైపు పోయి ఉన్నాడు. ఇంట్లో మగదిక్కు లేదు. అల్లుడు చెట్టుకింద పడి ఉన్నాడని కూతురు వచ్చి ఏడిస్తే, ఆ తల్లి తిట్టడం పక్కన పెట్టి బండి కట్టించుకొచ్చింది. అక్కడికి చాలా ధైర్యం గల మనిషే. కానీ ఆసుపత్రి గడప దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

"నేను లోపలికి రాకూడదమ్మా. అల్లుడున్నాడు గదా."

"ఇది మీ ఇల్లు కాదు పెద్దమ్మా, ఆసుపత్రి."

"గడప గడపే గదమ్మా," అని వరండాలోకి పోయి, అల్లుడి మంచం పక్కనున్న కిటికీ అవతల కూర్చుంది. అక్కణ్ణించి ఊచల్లోంచి కూతురికి పనులు చెప్తూ, అల్లుడికి మాత్రం ముఖం కనపడకుండా కొంగు కప్పుకునేది.

ఆ ఎండిపోయిన ఒంట్లో నరం దొరకబట్టడానికి నేను, డాక్టరుగారు పడ్డ పాట్లు చెప్పను. దొరికింది. సెలైన్ ధారగా వదిలాం. సీసా అయిపోతుంటే కాంపౌండర్ గారు ఇంకో సీసా పట్టుకుని సిద్ధంగా ఉండేవాడు. మంచం కింద మెడ వంగిన గాజు సీసా ఇంకొకటి పెట్టాను, మూత్రానికి. కాంపౌండర్ గారు వాటిని పై సీసా, కింది సీసా అనేవాడు. "పై సీసా మన చేతుల్లో ఉంది సిస్టర్. కింది సీసా సంగతి ఆయన చూసుకోవాల" అన్నాడు రోగి వైపు చూపిస్తూ.

బాగా పొద్దెక్కేసరికి నాడి చేతికి అందింది. కళ్ళు తెరిచి చూశాడు. పిల్ల ముఖంలో ప్రాణం వచ్చింది. నేనైతే గెలిచేశామనుకున్నాను.

"మూత్రం వచ్చిందా?" అన్నాడు డాక్టరు.

"ఇంకా లేదు సార్. వస్తుందిలెండి."

అంతే, పాఠం మొదలైంది. కోపంతో చెప్పినా, ఆ పాఠం నాకు ఇప్పటికీ మాట మాట గుర్తుంది. మనిషి ఒంట్లో నీరు పోతున్నప్పుడు ఒళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోదు అన్నాడు. గుండె వేగం పెంచుతుంది, ఉన్న కాస్త రక్తాన్నే ఎక్కువసార్లు తిప్పడానికి. చర్మం తన వాటా రక్తాన్ని వదులుకుని మెదడుకూ గుండెకూ ఇచ్చేస్తుంది, అందుకే చేతులు చల్లబడ్డాయి. ఒంట్లో పులుపు, అంటే ఆమ్లం, పెరిగితే ఊపిరితిత్తులు గట్టిగా ఊపిరి తీసి దాన్ని బయటికి పంపిస్తాయి, పొద్దున ఆయాసపడింది అందుకే. ఇక మూత్రపిండాలు, కరువు నెలలో ఇల్లాలు గింజ గింజ కొలిచినట్టు, చుక్క నీరు బయటికి పోనివ్వవు.

"అంటే సార్, మూత్రం రాకపోవడం మంచిదేనా?"

"మొదట మంచిదే. అది రోగం కాదు, కాపలా. కానీ నీళ్ళు నిండిన తర్వాత కూడా రాలేదంటే, కాపలావాడు కాపలా కాయడం లేదు, చచ్చిపోయాడని అర్థం. ఏది నిజమో మనకు చెప్పేది ఒక్కటే. ఆ కింది సీసా. వస్తే సెలైన్ ధైర్యంగా ఎక్కిద్దాం. రాకపోతే, మనం ఎక్కించే నీళ్ళే వెళ్ళే దారిలేక ఊపిరితిత్తుల్లో చేరతాయి. మనమే ముంచినవాళ్ళం అవుతాం. అందుకని, చుక్క వచ్చినా నాకు చెప్పాలి. అర్థమైందా?"

అర్థమైంది. భయం కూడా వేసింది. ఆ క్షణం నుంచి నేను, ఆయమ్మ, కాంపౌండర్ గారు వంతులవారీగా ఆ పిల్లవాణ్ణి ఒకే ప్రశ్న అడగడం మొదలుపెట్టాం. "అబ్బాయ్, ఒంటేలు వచ్చిందా?" అని ఆయమ్మ వీధి చివరికి వినపడేట్టు అడిగింది. అతను కిటికీ వైపు ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని, గోడవైపు తిరిగిపోయాడు. నేను మెల్లగా అడిగాను. తల అడ్డంగా ఊపాడు. పెళ్ళాన్ని అడిగాను. కాలిబొటనవేలితో నేల రాసింది.

చివరికి డాక్టరుగారే కిటికీ దగ్గరికి వెళ్ళి, మర్యాదగా అడుగుదామని, "ఏమ్మా, నీళ్ళు పోయడమేమన్నా అయిందా?" అన్నాడు.

పెద్దమ్మ కూతురి వైపు చూసి సిగ్గుపడింది. "ఇంగా యాడయ్యా? మొన్న మొన్ననే గదా పెండ్లయింది."

కడుపుతో ఉండటాన్ని నీళ్ళు పోసుకోవడమంటారని డెల్టావాళ్ళకూ తెలుసు. కానీ ఆయనకు ఆ క్షణంలో తట్టలేదు. "పెళ్ళికీ మూత్రానికీ సంబంధమేంటి?" అని అరిచాడు. అప్పుడు పెద్దమ్మకు అసలు ప్రశ్న అర్థమైంది. ఆమె లేచి నిలబడింది. కొంగు సరిచేసుకుని, తన వంశానికి ఆయన మచ్చ తెచ్చినట్టు చూసింది.

"మా అల్లుడు అట్లాంటోడు కాదయ్యా!"

కాంపౌండర్ గారు నవ్వు ఆపుకోలేక మందులగదిలోకి పారిపోయాడు. నేను సెలైన్ సీసా వైపు తిరిగి చుక్కలు చూస్తున్నట్టు నటించాను. భుజాలు ఊగిపోవడం మాత్రం ఆపలేకపోయాను.

కాసేపటికి ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, "నర్సమ్మా, మీ సీసా కారింది. పక్క తడిసింది" అంది నేలచూపులతో. పోయి చూస్తే నిజమే, పరుపు మీద గుడ్డ తీసేసి ఉంది, వేరేది వేసి ఉంది. నాకు రోషం వచ్చింది. నేను పెట్టిన సూది కారడమా? గొట్టం మార్చేసి, పాతది తీసుకెళ్ళి కాంపౌండర్ గారి బల్ల మీద పడేసి, "మీ గొట్టం చిల్లి పడింది చూసుకోండి" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది.

మధ్యాహ్నానికి వార్డులో నవ్వులు ఆగిపోయాయి. డాక్టరుగారు పదేపదే ఆ పిల్లవాడి వీపు మీద స్టెతస్కోపు పెట్టి వింటున్నాడు. ఊపిరితిత్తుల అడుగున ఏదో గరగర ఉన్నట్టూ, లేనట్టూ ఉంది. పై సీసాలు ఖాళీ అవుతున్నాయి, కింది సీసా పొడిగా ఉంది. ఆయన సెలైన్ చుక్కల వేగం బాగా తగ్గించేశాడు.

"పెద్దాసుపత్రికి పంపించేద్దాం," అన్నాడు మెల్లగా. ఆ మెల్లదనానికే నాకు గుండె జారింది. కోపం లేని డాక్టరుగారిని నేను అప్పటిదాకా చూడలేదు.

నంద్యాల వైపు వెళ్ళే ప్యాసింజర్ ఇంకాసేపట్లో వస్తుంది. మంచంతో సహా స్టేషనుకు మోసుకెళ్ళి రైలెక్కించాలి. కొండలు, సొరంగాలు దాటి నంద్యాల, అక్కణ్ణించి బస్సులో కర్నూలు. దారిలో సెలైన్ ఎవరు పట్టుకుంటారు? మళ్ళీ భేదులు మొదలైతే? ఆ ప్రయాణం తట్టుకునే ఒళ్ళు కాదది. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"సార్, కర్నూలుకు రాయకూడదేమో. ఇప్పుడు మనం కొత్త జిల్లా," అన్నాడు కాంపౌండర్ గారు.

"అయితే ఒంగోలుకు రైలుందా?"

"లేదు సార్."

"కిడ్నీలకు జిల్లా తెలీదండీ. కర్నూలుకే రాయండి," అన్నాడు డాక్టరుగారు.

మందుల కోసం వచ్చి వరండాలో కూర్చున్న మగవాళ్ళు మంచం మోయడానికి లేచారు. పిల్ల మంచంకోడు పట్టుకుని నిలబడింది, ఏడవడం కూడా మరిచిపోయింది. నేనూ ఆమెకంటే అంత పెద్దదాన్నేం కాదు.

అప్పుడే కాంపౌండర్ గారు రబ్బరు గొట్టం చేత్తో పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. పెద్దాయనకు కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"చూడమ్మాయ్. నీళ్ళు పోసి, రెండు కొసలూ బిగబట్టి, పిండి చూసినా. చుక్క కారలేదు. ఇన్నేండ్ల సర్వీసులో నా గొట్టం కారిందన్నోళ్ళు లేరు. నువ్వు నిన్న మొన్న వచ్చినదానివి."

"సరే లెండి, ఇప్పుడు అదా ముఖ్యం?" అని విసుక్కోబోయి ఆగాను. గొట్టం కారలేదు. నా సూది కదల్లేదు, మార్చేటప్పుడు నేనే చూశాను. మరి పక్క దేనితో తడిసింది?

మంచం దగ్గరికి పరుగెత్తి దుప్పటి కొస ఎత్తాను. పొద్దున తెల్లపంచెతో వచ్చిన మనిషి, ఎర్ర అంచు చీర చుట్టుకుని ఉన్నాడు. పెళ్ళాం మూటలో తెచ్చుకున్న చీర. అతను దుప్పటి లాక్కున్నాడు. ఆ లాక్కోవడంలో బలం చూసి నాకు ఎక్కడలేని సంతోషం కలిగింది. వెనక వాకిట్లోకి పోయి చూస్తే, కంచె మీద తెల్లపంచె ఒకటి, పరుపు మీది గుడ్డ ఒకటి, శుభ్రంగా పిండి ఆరేసి ఉన్నాయి.

నేరుగా కిటికీ దగ్గరికి పోయాను.

"పెద్దమ్మా, ఆ పంచె ఎందుకు ఉతికినావు?"

"మాసిపోయిందమ్మా."

"నిజం చెప్పు. అల్లుడు పక్క తడుపుకున్నాడా లేదా?"

"మీ సీసా కారిందని పాప చెప్పలేదా?"

"సీసా కారలేదు. కారింది మీ అల్లుడు."

ఆమె ముఖం గట్టిపడింది. ఆయమ్మ మా వెనకే నిలబడి ఉంది. పెద్దమ్మ ఒకసారి ఆయమ్మ వైపు, ఒకసారి మంచం మోయడానికి లేచిన మగవాళ్ళ వైపు చూసింది. అప్పుడు నాకు అర్థమైంది. ఆమె అబద్ధం నాతో ఆడటం లేదు, ఊరితో ఆడుతోంది. కొత్త అల్లుడు ఆషాఢంలో దొంగచాటుగా వచ్చిందే కాక, అత్త కళ్ళముందు పక్క తడుపుకున్నాడని ఆయమ్మ నోట పడితే, రేపు అతను ఈ ఊళ్ళో కాలు పెట్టగలడా? ఆమె తన అల్లుడి పరువు కాపాడుతోంది. ఆ తెలివితక్కువ ప్రేమకు ఆమెను తిట్టాలో, కౌగిలించుకోవాలో తెలియలేదు నాకు.

"పెద్దమ్మా, విను," అన్నాను. "ఒంటికి రాలేదనే అతన్ని రైలెక్కిస్తున్నాం. లోపల మూత్రపిండాలు చచ్చిపోయినాయని డాక్టరుగారు అనుకుంటున్నారు. రైల్లో ఈ మనిషి కర్నూలు దాకా ఉంటాడో లేదో నేను చెప్పలేను. ఒంటికి వచ్చి ఉంటే మాత్రం పంపే పనే లేదు. ఇక్కడే బతుకుతాడు. ఇప్పుడు చెప్పు, పరువు కావాలా, అల్లుడు కావాలా?"

ఆమె పెదాలు కదిలాయి. పాపం, 'ఒంటికి పోయినాడు' అన్న మాట ఆమె జన్మలో ఎప్పుడూ ఒక మగవాడి గురించి అనలేదు. దూరంగా రైలు కూత వినిపించింది.

అప్పుడు నా వెనక నుంచి, పొద్దున్నుంచి ఒక్క మాట కూడా పైకి అనని పిల్ల, ఆసుపత్రి అదిరిపోయేట్టు అరిచింది.

"పోసినాడు సారూ! పోసినాడు! ఒక తూరి గాదు, రెండు తూర్లు పోసినాడు! నేనే పంచె తీసి కిటికీలోంచి ఇచ్చినా, మాయమ్మ ఉతికింది. సీసా యాడా కారలేదు. ఆయన్ని రైలెక్కించొద్దు సారూ!"

"నోరు ముయ్యవే!" అంది తల్లి.

"నేను ముయ్యనమ్మా. నీకు అల్లుడు పోతే ఇంగోడు దొరుకుతాడేమో. నాకు మొగుడు పోతే యాడ దొరుకుతాడు?"

మంచం మీద నుంచి ఒక సన్నటి మూలుగు వినిపించింది. కొత్త అల్లుడు దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. ఆ దుప్పటి కింద అతనికి బతకాలని ఉందో, చావాలని ఉందో నాకు చెప్పడం కష్టం.

డాక్టరుగారు వార్డు మధ్యలో నిలబడిపోయాడు. ఆయనకు ఎదురుగా ఉన్నది ఒక చిన్నపిల్ల మాట, ఆరిపోయిన ఒక పంచె. అంతే. ఎంత వచ్చింది, ఏ రంగు, ఎవరికి తెలుసు? నమ్మి రైలు వదిలేస్తే, ఆమె భయంతో అబద్ధం చెప్పి ఉంటే, మరుసటి రోజు దాకా మళ్ళీ రైలు లేదు. నమ్మకుండా పంపితే ప్రయాణంలో ఏమైనా కావచ్చు. ఆయన నా వైపు చూశాడు. నేను తలూపాను. నాకు మాత్రం ఏం ధైర్యమనుకుంటున్నారు? ఆ దుప్పటి లాక్కున్న చేతి బలం ఒక్కటే నా ధైర్యం.

"రైలు వద్దు," అన్నాడు డాక్టరుగారు. "సెలైన్ వేగం పెంచండి."

రైలు వచ్చింది, ఆగింది, కూత వేసి పోయింది. ఆ కూత అడవి వైపు సన్నబడిపోయింది. డాక్టరుగారి నుదుటి మీది చెమట ఆయన తుడుచుకోలేదు.

ఇక నేను వార్డుకు పెత్తనం తీసుకున్నాను. పెద్దమ్మను కిటికీ దగ్గర నుంచి లేపి వేపచెట్టు కిందికి పంపించాను. కిటికీ రెక్కలు మూసేశాను. మగవాళ్ళను పొమ్మన్నాను. ఆయమ్మను పిలిచి, "ఈ సంగతి బయట ఎక్కడన్నా విన్నానో, నువ్వు మొన్న దొంగచాటుగా ఇంటికి తీసుకుపోయిన స్పిరిట్ సంగతి డాక్టరుగారు వింటారు" అన్నాను. బెదిరింపు నర్సులకు నేర్పే విద్య కాదు, కానీ పనికొచ్చే విద్య. తలుపు దగ్గరికి వేసి, పెళ్ళాన్ని కూడా బయటికి పంపి, కింది సీసా అతని చేతికిచ్చాను.

"తమ్ముడూ, నేను గోడవైపు తిరుగుతున్నా. ఇక్కడ మీ అత్త లేదు, ఎవరూ లేరు. నీ పెండ్లాం నీకోసం ఊరందరి ముందర సిగ్గు వదిలింది. నువ్వు దానికోసం ఈ ఒక్క పని చెయ్యి."

"రాదేమో అక్కా," అన్నాడు దుప్పటి కింద నుంచి. అది అతను నాతో మాట్లాడిన మొదటి మాట.

"వస్తది. తొందరేం లేదు."

నేను గోడ మీది తడిమరకలు చూస్తూ నిలబడ్డాను. బయట కాంపౌండర్ గారి దగ్గు, చెట్టు కింద ఎవరో చీదిన చప్పుడు. ఎంతసేపైందో తెలియదు. ఆ తర్వాత గాజు సీసాలో సన్నగా ఒక ధార పడిన చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్ళీ మొదలైంది, ఈసారి నిబ్బరంగా. నా ఉద్యోగంలో నేను చాలా మంచి చప్పుళ్ళు విన్నాను, పుట్టిన బిడ్డల ఏడుపులు కూడా. ఇంత హాయిగా అనిపించిన చప్పుడు మాత్రం తక్కువ. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

లోపల ఆ పిల్లవాడి మూత్రపిండాలు పొద్దున్నుంచి ఎవరూ చెప్పకుండానే నీటిని పట్టి ఉంచాయి, ఇక చాలనిపించినప్పుడు ఎవరినీ అడక్కుండానే వదిలేశాయి. వాటికి ఆషాఢం లేదు, అత్త లేదు, పరువు లేదు. మేం మనుషులమే మధ్యలో ఇంత గందరగోళం చేశాం.

తలుపు తీశాను. డాక్టరుగారు సీసా తీసుకుని వరండాలోకి నడిచి, ఎండకు ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. లేత గడ్డి రంగు. తేటగా ఉంది. ఆయన ఏ పాఠమూ చెప్పలేదు. సీసా నా చేతికిచ్చి, వరండా మెట్టు మీద కూర్చుండిపోయి, చేతుల్లో ముఖం పెట్టుకుని నవ్వాడు. పిల్ల అప్పటికే లోపలికి పరుగెత్తింది.

వేపచెట్టు కింద నుంచి పెద్దమ్మ లేచి వచ్చింది. నా ముందర ఆగి, "అదేనా నర్సమ్మా?" అంది.

"ఇదే పెద్దమ్మా. మీ అల్లుడికి ఇంక భయం లేదు."

ఆమె ఆ సీసా వైపు కాసేపు చూసింది. ఆ తర్వాత కొంగు భుజం చుట్టూ కప్పుకుని, రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని నిలబడింది. కాంపౌండర్ గారు అది నాకే అనుకుని, "మా సిస్టరు బాగా చూసుకునిందిలే పెద్దమ్మా" అన్నాడు.

"సిస్టరుకు గాదయ్యా," అంది ఆమె కళ్ళు తెరవకుండానే. "సీసాకు."